కాలిన మచ్చ మీద మానని పుండు: ముక్క పరీక్షకు భయపడకండి

ప్రశ్న: మా అమ్మకు 61 ఏళ్లు. పెళ్లైన కొత్తలో కిరోసిన్ స్టవ్ పేలి ఎడమ కాలు మోకాలి వెనక నుంచి పిక్క దాకా కాలింది. అప్పుడు చర్మం అతికించడం లాంటివేమీ చేయలేదు. కట్లు కట్టగా కట్టగా చాలా నెలలకు మానిందట. మచ్చ గట్టిగా ఉండిపోయింది, మోకాలు పూర్తిగా చాపలేదు. నిరుడు దసరా ముందు ఆ మచ్చ మీద చిన్న పగులు వచ్చి పుండైంది. ఇప్పటికీ మానలేదు. అంచులు లేచి గట్టిపడ్డాయి, మధ్యలో మాంసం పెరిగినట్టుంది, కట్టు మారుస్తుంటే నెత్తురు వస్తోంది, వాసన కూడా వేస్తోంది. అమ్మకు షుగర్ ఉంది. ఊళ్లో ఆర్‌ఎంపీ గారు "షుగర్ పుండే, మెల్లగా మానుతుంది" అని కట్లు కడుతున్నారు. గుంటూరులో ఒక డాక్టర్ ముక్క తీసి పరీక్షకు పంపుదామన్నారు. "కత్తి తగిలితే ఒళ్లంతా పాకుతుంది" అని మా మేనమామ అమ్మను తిరిగి తీసుకొచ్చేశారు. ఇంట్లో వదిన అమ్మ కంచం, గ్లాసు వేరుగా పెట్టింది. నేను హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్నాను. ఏం చేయాలో తోచడం లేదు. చాలా టెన్షన్‌గా ఉంది.
- పల్నాడు జిల్లా నుంచి ఒక పాఠకురాలు

సమాధానం: అమ్మా, ముందు చేయాల్సిన పని చెబుతాను. గుంటూరు డాక్టర్ చెప్పిందే సరైన దారి. ముక్క పరీక్ష చేయించండి. వచ్చే పండక్కి మీరు ఊరెళ్లినప్పుడు చూద్దామని ఆగకండి, ఈ వారమే చేయించండి.

మీ అమ్మగారి కాలు నేను చూడలేదు. కాబట్టి అది క్యాన్సరే అని ఉత్తరం చదివి చెప్పలేను. నిజానికి కళ్లారా చూసిన డాక్టర్ కూడా ఖాయంగా చెప్పలేరు. కానీ మీరు రాసిన వివరాల్లో నన్ను ఆందోళన పెట్టేవి చాలా ఉన్నాయి. ఎప్పుడో కాలిన మచ్చ, అదీ చర్మం అతికించకుండా తనంతట తాను మానినది. ఆ మచ్చ కీలు దగ్గర ఉంది. దాని మీద వచ్చిన పుండు నెలల తరబడి మానడం లేదు. అంచులు లేచి గట్టిపడ్డాయి. తాకితే నెత్తురు వస్తోంది. ఇవన్నీ ఒకచోట కనిపిస్తే చర్మ వైద్యులైనా, సర్జన్లైనా మొదట అనుమానించేది స్క్వామస్ సెల్ కార్సినోమా అనే చర్మ క్యాన్సర్‌నే. పాత మచ్చల్లో, ఏళ్ల నాటి పుండ్లలో పుట్టినప్పుడు దాన్ని మార్జొలిన్ పుండు అంటారు. మచ్చల మీద వచ్చే ఇలాంటి పుండ్ల గురించి 1828లోనే రాసిన ఫ్రెంచి సర్జన్ జాన్ నికొలా మార్జొలిన్ పేరు మీద వచ్చిన మాట ఇది.

చర్మ క్యాన్సర్ అనగానే మనవాళ్లు "అది తెల్లవాళ్ల జబ్బు కదా" అంటారు. అందులో సగం నిజముంది. మన చర్మంలోని మెలనిన్ అనే రంగు పదార్థం ఎండ దెబ్బ నుంచి చాలావరకు కాపాడుతుంది. ఆస్ట్రేలియాలోనో అమెరికాలోనో ఉండే మన పిల్లలు అక్కడి ఆస్పత్రిలో ఇచ్చే కరపత్రం పంపిస్తే, అందులో ముఖం, చెవులు, ముంజేతుల మీద ఎండకు వచ్చే పొలుసుల మచ్చల గురించే ఎక్కువగా ఉంటుంది. తెల్లచర్మం వాళ్లలో ఈ క్యాన్సర్ ఎక్కువగా వచ్చేది అలాగే. మన దగ్గర దీని దారి వేరు. ఎండ తగలని చోట, పాత గాయం ఉన్న చోట, ఏళ్ల తరబడి రాపిడో వేడో తగిలిన చోట ఇది తరచుగా పుడుతుంది. కాశ్మీరులో చలికి ఫెరన్ అనే వదులైన అంగీ లోపల పెట్టుకునే కాంగ్రీ అనే నిప్పుల కుంపటి వేడికి తొడల మీద, పొత్తికడుపు మీద వచ్చేది ఇదే క్యాన్సర్. నడుము చుట్టూ పంచె బిగించి కట్టే చోట వచ్చే క్యాన్సర్ గురించి బొంబాయి టాటా మెమోరియల్ పాథాలజిస్టు వి.ఆర్. ఖనోల్కర్ 1945లోనే రాశారు. లంగా బొందు ఒకే చోట బిగించి కట్టుకునే ఆడవాళ్లలో నడుము మీద నల్లటి గీత పడి, అది ఒరిసి ఒరిసి పుండై, అరుదుగా క్యాన్సర్‌గా మారిన కేసులు కూడా ఉన్నాయి. ఇక కుష్ఠు వల్ల అరికాల్లో పడి ఏళ్లుగా మానని పుండ్లు, ఎముకలో చీము పట్టి కారుతూ ఉండే రంధ్రాలు, నరాలు ఉబ్బిన కాళ్ల మీద మానని పుండ్లు కూడా ఈ జాబితాలోవే.

మచ్చలో ఎందుకు పుడుతుందో కూడా మీకు తెలియాలి, ఎందుకంటే మీ అమ్మగారికీ మేనమామకూ మీరే చెప్పాల్సి ఉంటుంది. కాలి మానిన చర్మం మామూలు చర్మం లాంటిది కాదు. పలచగా ఉంటుంది, సాగదు, రక్తప్రసరణ తక్కువ. మోకాలి వెనక మడత దగ్గరైతే నడిచినప్పుడల్లా, కూర్చుని లేచినప్పుడల్లా లాగుతూ ఉంటుంది. పగులుతుంది, మానుతుంది, మళ్లీ పగులుతుంది. మానాలంటే అక్కడి కణాలు మళ్లీ మళ్లీ విభజన చెందాలి. అలా 20, 30 ఏళ్లు గడిచేసరికి ఎక్కడో ఒక కణం అదుపు తప్పుతుంది. కాలినప్పటి నుంచి క్యాన్సర్ బయటపడే దాకా సగటున 30 ఏళ్లు పడుతుందని లెక్క. మీ అమ్మగారి విషయంలో కాలం కూడా దానికి దగ్గరగానే ఉంది. "ఇన్నేళ్లు ఏమీ కాలేదు, ఇప్పుడేమవుతుంది" అని ఇంట్లో ఎవరైనా అంటే, ఇన్నేళ్లు గడిచాయి కాబట్టే ఇప్పుడు చూపించాలని చెప్పండి.

షుగర్ సంగతి. ఆర్‌ఎంపీ గారు మంచి మనసుతోనే కట్లు కడుతుండవచ్చు, కానీ ఆ అంచనాతో నేను ఏకీభవించను. షుగర్ పుండ్లు ఎక్కువగా అరికాల్లో, వేళ్ల మీద, మడమ దగ్గర, అంటే బరువు పడే చోటో చెప్పు ఒరిసే చోటో వస్తాయి. స్పర్శ తగ్గిన పాదం మీద, నొప్పి తెలియకుండా, గుంట పడినట్టు ఉంటాయి. మోకాలి వెనక పాత మచ్చ మీద మాంసం పెరిగినట్టు లేచే పుండు ఆ పోలికలో లేదు. షుగర్ వల్ల మానడం ఆలస్యం కావచ్చు, నిజమే. అంచులు గట్టిపడి పైకి లేవడానికి మాత్రం షుగర్ కారణం కాదు. ఒంట్లో షుగర్ ఉందన్న ఒక్క కారణంతో ఎన్నో క్యాన్సర్ పుండ్లు నెలల తరబడి ఆయింట్‌మెంట్ల కింద దాగిపోతున్నాయి. ఇది నాకు చాలా బాధ కలిగించే విషయం. పరీక్ష చేయకుండా ఒక పేరు పెట్టేసి అదే మందు మళ్లీ మళ్లీ రాయడం వల్ల పోయేది రోగి కాలం.

ఇప్పుడు మేనమామ గారి భయం. కత్తి తగిలితే పాకుతుందనే మాట మన ఊళ్లలో చాలా గట్టిగా నాటుకుపోయింది. దానికి కారణం ఉంది. మనవాళ్లు ముక్క పరీక్షకు వచ్చేదే ఆఖరున. అప్పటికే జబ్బు గజ్జల్లోకో, ఊపిరితిత్తుల్లోకో చేరి ఉంటుంది. పరీక్ష చేసిన కొన్నాళ్లకు మనిషి పోతే, చూసినవాళ్లకు కత్తే చంపినట్టు అనిపిస్తుంది. కానీ చర్మం మీది పుండు నుంచి ముక్క తీయడం వల్ల స్క్వామస్ సెల్ క్యాన్సర్ ఒళ్లంతా పాకదు. ప్రపంచంలో ఎక్కడైనా ఈ జబ్బుకు వైద్యం మొదలయ్యేది ఆ ముక్కతోనే. పాకేది ఆలస్యం వల్ల. మేనమామ గారితో వాదనకు దిగకండి. ఆయన్ను కూడా ఆస్పత్రికి తీసుకెళ్లి ఆ ప్రశ్నే డాక్టర్‌ను అడగమనండి. ఇంట్లో పెద్దమనిషికి గౌరవం దక్కితే మాట వింటారు, రేపు ఆపరేషన్ అవసరమైతే ఆయనే పక్కన నిలబడతారు.

ముక్క పరీక్షలో జరిగేది చాలా కొంచెం. పుండు అంచు దగ్గర తిమ్మిరి ఇంజక్షన్ ఇస్తారు. ఆ సూది చురుక్కుమంటుంది, తర్వాత నొప్పి తెలియదు. అంచు నుంచి చిన్న ముక్కలు, సాధారణంగా రెండు మూడు చోట్ల తీస్తారు. మధ్యలో కుళ్లిన భాగం నుంచి తీస్తే ఏమీ తేలదు, కాబట్టి అంచు, దానికి ఆనుకుని ఉన్న మంచి చర్మం కలిసి వచ్చేలా లోతుగా తీయాలి. అదే రోజు ఇంటికి వచ్చేయవచ్చు. ముక్కలు చెడిపోకుండా ఫార్మలిన్ అనే ద్రవం ఉన్న సీసాలో వేసి ల్యాబ్‌కు పంపుతారు. రిపోర్టు దాదాపు వారంలో వస్తుంది. రక్తం పలచబడే మాత్రలు వాడుతుంటే ముందే చెప్పాలి, మీ అంతట మీరు ఆపేయకూడదు. షుగర్ ఎక్కువగా ఉందని ముక్క పరీక్ష వాయిదా వేయాల్సిన పని సాధారణంగా ఉండదు.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. రిపోర్టులో క్యాన్సర్ లేదని వచ్చినా, పుండు మాత్రం అలాగే పెరుగుతూ ఉంటే, మళ్లీ ముక్క తీయించాలి. ఏళ్లనాటి పుండు అంచుల్లో చర్మం మందంగా పెరిగి క్యాన్సర్‌లా కనిపించడమూ ఉంది, క్యాన్సర్ ఉన్నా ఆ చిన్న ముక్కలో దొరకకపోవడమూ ఉంది. మరోవైపు ఆ ముక్కలోనే క్షయ, కొన్ని రకాల ఫంగస్ లాంటివి బయటపడవచ్చు. అప్పుడు వైద్యం పూర్తిగా మారిపోతుంది. అంటే రిపోర్టు ఎలా వచ్చినా ముక్క పరీక్ష వృథా కాదు. ల్యాబ్ నుంచి కాగితంతో పాటు ముక్కను పరీక్షించిన గాజు స్లైడ్లు, దాన్ని దాచిన మైనపు బ్లాకు కూడా అడిగి తీసుకోండి. రేపు పెద్దాస్పత్రికి వెళ్తే అవి చూపించమంటారు. లేకపోతే మళ్లీ ముక్క తీయాల్సి వస్తుంది.

క్యాన్సర్ అని తేలితే? అప్పుడు రెండు ప్రశ్నలు. ఎంత లోతుకు వెళ్లింది, గజ్జల్లోకి పాకిందా. లోతు చూడటానికి ఎక్స్‌రే, అవసరమైతే ఎంఆర్‌ఐ తీస్తారు. కాలి మీది పుండు ముందుగా పాకేది గజ్జల్లోని బిళ్లలకే. అందుకే డాక్టర్ గజ్జల్లో చేత్తో తడిమి చూస్తారు, స్కాన్ చేస్తారు. అక్కడ బిళ్లలు కట్టినంత మాత్రాన జబ్బు పాకిందని కాదు. పుండులో చీము పట్టినా బిళ్లలు కడతాయి. సన్నటి సూదితో అందులోంచి కొన్ని కణాలు లాగి చూస్తేనే అసలు సంగతి తెలిసేది. మామూలుగా ఎండకు వచ్చే స్క్వామస్ సెల్ క్యాన్సర్ పాకేది నూటికి ఐదుగురి లోపే. పాత మచ్చల్లో పుట్టినది అంతకంటే మొండిది, పాకే అవకాశం ఎన్నో రెట్లు ఎక్కువ. తొందర పడమని నేను ఇన్నిసార్లు అనడానికి కారణం ఇదే. ఒక వింత ఏమిటంటే, జబ్బు కణాలు బిళ్లల దాకా వెళ్లే దారులైన లింఫ్ నాళాలు మచ్చలో కాలిపోయి ఉండటం వల్ల మొదట్లో జబ్బు కట్ట వేసిన చెరువులో నీళ్లలా ఆ మచ్చలోనే ఆగుతుంది. మచ్చ దాటి మంచి చర్మంలోకి అడుగు పెట్టాక మాత్రం వేగం పెరుగుతుంది. ఆ కట్ట తెగకముందే మనం వెళ్లాలి.

అసలు వైద్యం ఆపరేషన్. పుండును, దాని చుట్టూ బాగానే ఉన్నట్టు కనిపించే చర్మాన్ని కూడా కలిపి తీసేస్తారు. ఎండకు వచ్చిన చిన్న పుండు అయితే చుట్టూ 4 నుంచి 6 మిల్లీమీటర్లు తీస్తే సరిపోవచ్చు. మచ్చ మీద పుట్టినదానికి సర్జన్లు సాధారణంగా కనీసం 2 సెంటీమీటర్లు తీస్తారు, కింద కూడా శుభ్రమైన పొర వచ్చేదాకా వెళ్తారు. తీసిన భాగాన్ని మళ్లీ ల్యాబ్‌కు పంపి అంచుల్లో జబ్బు మిగల్లేదని చూసుకుంటారు. డిశ్చార్జి రోజు ఆ అంచుల సంగతి తప్పకుండా అడగండి. ఖాళీ అయిన చోట తొడ నుంచి పలచగా చర్మం తీసి అతికిస్తారు, లేదా పక్కనున్న కండతో కలిపి చర్మాన్ని తిప్పి కప్పుతారు. చాలామందికి ఆపరేషన్ చేసిన చోటు కంటే చర్మం తీసిన తొడే ఎక్కువ మండుతుంది. ఇది ముందే తెలిస్తే అమ్మగారు కంగారు పడరు. మోకాలి వెనక కాబట్టి కాలు కదలకుండా కొన్నాళ్లు పట్టీ వేస్తారు, తర్వాత ఫిజియోథెరపీ చేయించాలి. ఇన్నేళ్లూ చాపలేని మోకాలు ఈ ఆపరేషన్‌తో కొంత సాగే అవకాశం కూడా ఉంది. సర్జన్‌ను ఆ మాట కూడా అడగండి.

కాలు తీసేస్తారా అన్న ప్రశ్న మీరు రాయలేదు కానీ మీ మనసులో ఉంటుందని నాకు తెలుసు. జబ్బు ఎముకలోకో, కీలులోకో, పెద్ద రక్తనాళంలోకో దిగినప్పుడు మాత్రమే ఆ అవసరం వస్తుంది. చర్మం, దాని కింది కొవ్వు వరకే ఉంటే కాలు నిలబెట్టవచ్చు.

గజ్జల్లో పాకి ఉంటే అక్కడి బిళ్లలు కూడా తీస్తారు, అవసరాన్ని బట్టి రేడియేషన్ ఇస్తారు. రేడియేషన్ సాధారణంగా వారానికి 5 రోజుల చొప్పున కొన్ని వారాలు ఉంటుంది. అన్ని రోజులూ అమ్మ పక్కన ఎవరుంటారో ఇంట్లో ముందే మాట్లాడుకోండి. ఆపరేషన్‌కు అందని దశలో కీమోతో పాటు ఇప్పుడు ఇమ్యూనోథెరపీ ఉంది. సెమిప్లిమాబ్ అనే మందును ఈ జబ్బు ముదిరిన దశకు అమెరికాలో 2018లో అనుమతించారు, 2020లో పెంబ్రోలిజుమాబ్‌ను కూడా. మన ఒంట్లోని రోగనిరోధక కణాలు క్యాన్సర్‌ను గుర్తుపట్టేలా చేసే మందులివి. కొందరిలో చాలా బాగా పనిచేస్తాయి. ఖర్చు మాత్రం లక్షల్లో ఉంటుంది. తొలి దశలో ఆపరేషన్‌తో పోయే జబ్బును అక్కడి దాకా రానివ్వకూడదు.

పసరు మందుల గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే ఈపాటికి ఎవరో ఒకరు సలహా ఇచ్చే ఉంటారు. చర్మాన్ని కాల్చే పసర్లు, పూతలు పైనున్న మాంసాన్ని రాల్చేస్తాయి. పుండు శుభ్రపడినట్టు కనిపిస్తుంది, అడుగున జబ్బు మాత్రం అలాగే ఎదుగుతూ ఉంటుంది. ఆ నమ్మకంతో పోయే రెండు మూడు నెలలు తిరిగి రావు. దయచేసి రాయనివ్వకండి.

ఇక ఎక్కడికి వెళ్లాలి. గుంటూరు ప్రభుత్వాసుపత్రిలో క్యాన్సర్ విభాగం ఉంది, మీకు అదే దగ్గర. మీరు హైదరాబాద్‌లో ఉన్నారు కాబట్టి రెడ్ హిల్స్‌లోని ఎం.ఎన్.జె. ప్రభుత్వ క్యాన్సర్ ఆస్పత్రి మరో దారి. అయితే అమ్మగారి కార్డు ఆంధ్రప్రదేశ్‌ది కాబట్టి అక్కడ ప్రభుత్వ ఉచిత వైద్య పథకం వర్తిస్తుందో లేదో ముందే కనుక్కోండి. ఉత్తరాంధ్ర పాఠకులకు విశాఖ దగ్గర అగనంపూడిలో హోమీ భాభా క్యాన్సర్ ఆస్పత్రి ఉంది. క్యాన్సర్ వైద్యం ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్య సేవలో, తెలంగాణలో రాజీవ్ ఆరోగ్యశ్రీలో ఉంది. కార్డు, ఆధార్ పట్టుకెళ్లండి. ముక్క పరీక్ష మాత్రం ఏ చర్మ డాక్టరైనా, సర్జనైనా చేయగలరు. దానికోసం పెద్దాస్పత్రి తేదీ దొరికేదాకా ఆగక్కర్లేదు.

మీ వదిన కంచం వేరు చేసినందుకు మీకు కోపం వచ్చి ఉంటుంది. ఆమెకు భయం, అంతే. క్యాన్సర్ అంటువ్యాధి కాదు. ఒకే కంచంలో తిన్నా, పక్కన పడుకున్నా, పసిపిల్లలను ఒళ్లో కూర్చోబెట్టుకున్నా రాదు. కట్టు మార్చేటప్పుడు గ్లౌజు వేసుకుని, తర్వాత సబ్బుతో చేతులు కడుక్కుంటే చాలు, అది ఏ చీము పుండుకైనా చేసే జాగ్రత్తే. వాసన ఆ పుండులో చేరిన బ్యాక్టీరియా వల్ల వస్తుంది. దానికి మెట్రోనిడజోల్ జెల్లు, పొడి లాంటివి పుండు మీద వాడతారు, డాక్టర్‌ను అడగండి. వాసన తగ్గితే ఇంట్లో సగం దూరం తగ్గుతుంది. అమ్మగారు కూడా నలుగురిలో కూర్చోగలుగుతారు. ఆ వాసన వల్ల ఆవిడ ఎన్నాళ్ల నుంచి పక్కకు జరిగి కూర్చుంటున్నారో ఎవరైనా గమనించారా? మందు కంటే ముందు ఆవిడకు దక్కాల్సింది ఇంటివాళ్ల పక్కన చోటు.

అమ్మకు చెప్పాలా వద్దా అని కూడా మీలో నలుగుతూ ఉండవచ్చు. మన ఇళ్లలో పెద్దవాళ్లకు దాచిపెట్టడం ప్రేమ అనుకుంటాం. నా అభిప్రాయం వేరు. కాలు ఆవిడది, సంతకం ఆవిడది, ఆపరేషన్ బల్ల మీద పడుకునేదీ ఆవిడే. ముందుగా "పాత మచ్చ మీద పుండు మానకపోతే అది చెడ్డ పుండు కావచ్చట, పరీక్ష చేస్తే తెలుస్తుంది" అని చెప్పండి. రిపోర్టు వచ్చాక, ఎంతవరకు తెలుసుకోవాలని ఉందో ఆవిడనే అడగండి. కొందరు అన్నీ చెప్పమంటారు. కొందరు "మీరు చూసుకోండి, నాకు నొప్పి లేకుండా చూడండి" అంటారు. రెండూ సరే. "ఈ వయసులో నాకు కోతలెందుకు" అంటే, 61 అంత పెద్ద వయసేమీ కాదనీ, ఇప్పుడైతే చిన్న కోతతో పోయేది తర్వాత పెద్దదవుతుందనీ చెప్పండి.

ఈ పేజీ చదివేవాళ్లలో కాలిన మచ్చలున్నవాళ్లు చాలామంది ఉంటారు. భయపడకండి, ఎక్కువ మచ్చలు జీవితాంతం మచ్చలుగానే ఉంటాయి. మచ్చ పొడిబారి పగలకుండా రోజూ కొబ్బరి నూనెనో, వాజ్‌లీన్‌నో రాయండి. కీలు ముడుచుకుపోయి ఉంటే ప్లాస్టిక్ సర్జన్‌కు చూపించండి, మచ్చ లాగడం తగ్గితే పగుళ్లూ తగ్గుతాయి. మచ్చ మీద వచ్చిన పుండు నెలలో మానకపోతే, లేదా గట్టిగా బుడిపె లేస్తే, పులిపిరి లాంటిది పెరుగుతుంటే, పక్కు కట్టి ఊడి మళ్లీ నెత్తురు కారుతుంటే చూపించండి. కిడ్నీ మార్పిడి చేయించుకుని రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు వాడుతున్నవాళ్లు, పుట్టుకతోనే ఒంట్లో రంగు లేనివాళ్లు కూడా ఈ క్యాన్సర్ విషయంలో జాగ్రత్తగా ఉండాలి. రంగు లేనివాళ్లకు ఎండే పెద్ద శత్రువు. నిండు చేతుల చొక్కా, టోపీ, సన్‌స్క్రీన్ వాళ్లకు చిన్నప్పటి నుంచీ అవసరం.

అమ్మగారికి ఆపరేషన్ అయితే, మొదటి రెండేళ్లు దాదాపు మూడు నెలలకోసారి, ఆ తర్వాత ఆరు నెలలకోసారి చూపించుకోవాలి. జబ్బు తిరిగి వచ్చేది ఎక్కువగా ఆ మొదటి రెండేళ్లలోనే. మధ్యలో స్నానం చేసేటప్పుడు గజ్జల్లో వేళ్లతో తడిమి చూసుకోవడం ఆవిడకు నేర్పండి.

మీరు సెలవు పెట్టి రేపో ఎల్లుండో ఊరికి బయలుదేరండి. వెళ్లేముందు గుంటూరు డాక్టర్‌కు ఫోన్ చేసి ముక్క పరీక్షకు తేదీ అడగండి. షుగర్ రిపోర్టులు, వాడుతున్న మాత్రల చీటీలు ఒక కవర్లో పెట్టుకోండి. పుండు ఫొటో పక్కన స్కేలు పెట్టి ఇవాళే తీయించండి, పెరుగుతోందో లేదో డాక్టర్‌కు అది ఉపయోగపడుతుంది. రిపోర్టు వచ్చాక నాకు రాయండి.